వసారాలో సముద్రం

సీతాదేవి పట్టుదల గురించి టెక్కలి ఆడపిల్లల హైస్కూల్లో అందరికీ తెలుసు. అక్కడ ఆమె సైన్సు పంతులమ్మ. సముద్రంలో బతికే జీవుల బొమ్మలు నల్లబల్ల మీద గీసి గీసి విసుగెత్తి, ఏకంగా సముద్రాన్నే తెచ్చి ఇంటి వసారాలో పెట్టుకుంది.

బారెడు పొడవు గాజుపెట్టె. అందులో మూలపేట ఒడ్డున దొరికిన రాళ్ళు, రెండు చారల చేపలు, రాతికి అంటుకుని విచ్చుకున్న సముద్రపు పువ్వు. పువ్వంటే పువ్వు కాదు, రేకుల్లాంటి వేళ్ళతో మేత పట్టుకుని తినే ప్రాణి. ప్రతి సంత రోజూ మూలపేట పోలయ్య ఉప్పునీళ్ళ డబ్బాలతో బస్సు దిగుతాడు. నీళ్ళలోకి గాలి పంపడానికి సైకిలు పంపు ఉండనే ఉంది. ఆ పని మొగుడు కాశీవిశ్వనాథానిది. తాలూకా ఆఫీసులో గుమాస్తాగిరీ వెలగబెట్టి వచ్చి, ఇంట్లో సముద్రానికి గాలి కొట్టే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది!

అంతా బాగుందనుకునేసరికి రాళ్ళ సందుల్లోంచి పురుగులు బయలుదేరాయి. చూడ్డానికి జెర్రుల్లా ఉంటాయి, ఒళ్ళంతా తెల్లటి నూగు. చీకటి పడితే చాలు, బయటికొచ్చి పువ్వు అంచులు కొరికేవి. సీతాదేవి ఒకదాన్ని చేత్తో తీయబోతే నూగు వేలికి గుచ్చుకుని మంటెత్తింది. పట్టకారుతో ఎన్ని తీసినా మళ్ళీ పుట్టుకొచ్చేవి. పువ్వు నానాటికీ ముడుచుకుపోతుంటే ఆమెకు అన్నం సయించలేదు.

అత్తగారు కామాక్షమ్మ తీర్పు చెప్పేసింది.

"ఇది ఇల్లా, జెర్రుల పుట్టా? ఏటే సీతా ఇది! పోలయ్య వచ్చేసరికి ఒక్క పురుగు కనపడినా సరే, పెట్టె అతనితో ఎత్తించేస్తాను."

"కనపడవు అత్తయ్యా," అంది సీతాదేవి. లెక్క ముందే వచ్చిన పిల్ల పరీక్షకి వెళ్ళినంత ధీమాగా అంది.

పురుగులు పెరిగాయంటే వాటికి ఎక్కడో మేత దొరుకుతోందన్నమాట. తాను వేసేది చేపలకే బొటాబొటి. పైగా సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నీటి మీద పల్చటి జిడ్డు తేలుతోంది. కాగితం పరిచి తీసేసినా మర్నాటికి మళ్ళీ అదే.

"పంపుకి నూనె రాశారా?" అని మొగుణ్ణి నిలదీసింది.

"నా మీద పడతావేటే? నేను గాలి తప్ప ఇంకేం కొట్టలేదు," అని మొత్తుకున్నాడాయన.

సీతాదేవి వేలు ముంచి వాసన చూసింది. ఆవునెయ్యి!

మర్నాడు శనివారం. ఒంటిపూట బడి కావడంతో ఆమె మధ్యాహ్నానికే ఇల్లు చేరింది. వసారాలో మడిచీరతో కామాక్షమ్మ నిలబడి ఉంది. ఎడం చేతిలో ఆకు, ఆకులో పప్పూ నెయ్యీ కలిపిన మహానైవేద్యం. కళ్ళు మూసుకుని, మెతుకులు పెట్టెలో వేస్తూ, "ఆరగించు సముద్రుడా, ఆరగించు నాయనా," అంటోంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒంటిపూట బడి పట్టేసింది.

"అత్తయ్యా!"

కామాక్షమ్మ ఉలిక్కిపడింది గానీ తగ్గలేదు. "ఏటలా చూస్తావు? మీ మావగారు ఉన్నన్నాళ్ళూ ఏటా నన్ను బారువ తీసుకెళ్ళి సముద్రస్నానం చేయించేవారు. ఇప్పుడీ మోకాళ్ళు బస్సెక్కనివ్వవు. ఆ సముద్రుడే నడిచి మనింటికొస్తే పస్తు పెట్టమంటావా?"

"మరి ఎత్తించేస్తానన్నారు?"

"దేవుణ్ణి పురుగుల్లో ఉంచితే అపచారం కాదేటే? అంతకన్నా వెళ్ళిపోవడమే నయం."

సీతాదేవికి ఒక్కసారిగా జాలేసింది. కానీ చెప్పక తప్పదు. "మీ నైవేద్యం సముద్రుడికి అందలేదత్తయ్యా. రాళ్ళ సందుల్లో పడి పురుగులకి అందింది. మీరు పెడుతున్నారు, అవి పెరుగుతున్నాయి."

కామాక్షమ్మ గడప మీద కూలబడిపోయింది.

"పెట్టిన చేత్తోనే పట్టుకుందాం, లేవండి," అంది కోడలు.

దేవుడికి కొట్టిన కొబ్బరికాయలో కన్నున్న చిప్ప తీసుకుని, ఆ కన్ను పెద్దగా పొడిచింది. లోపల నాలుగు మెతుకులు పెట్టి, చిప్ప మూతికి గుడ్డ బిగించి కట్టింది. దీపాల వేళకి దాన్ని రాళ్ళ మధ్య ఉంచింది. ఇక పెట్టెలో వేరే అన్నం పడకూడదని అత్తగారి చేత మాట తీసుకుంది.

"నెయ్యి లేకుండానా?" అని నొచ్చుకుంది కామాక్షమ్మ.

"పురుగులకి నెయ్యెందుకత్తయ్యా!"

తెల్లవారి చిప్ప ఎత్తితే లోపల పురుగులు కుప్పగా ఉన్నాయి. ఇంట్లో చంపడానికి వీల్లేదని కామాక్షమ్మ వాటిని పాత చెంబులో ఉప్పునీళ్ళు పోసి ఉంచింది. రోజురోజుకీ చిప్పలో పురుగులు తగ్గాయి, పువ్వు మళ్ళీ వేళ్ళు చాపింది. కానీ సంత రోజు పొద్దున్న కూడా చిప్పలో ఒకటి ఉంది. అత్తాకోడళ్ళిద్దరూ దాన్ని చూశారు.

పోలయ్య వచ్చి డబ్బాలు దించాడు. "అమ్మగోరూ, పెట్టి ఎత్తీమని కబురెట్టినారు గదా. తాడట్టుకొచ్చినాను."

సీతాదేవికి పెట్టె వదులుకోవాలని లేదు. అయినా మాట మాటే కాబట్టి, "ఇవాళ కూడా ఒకటి కనపడింది కదత్తయ్యా," అంది.

"కనపడితే? సముద్రమన్నాక ఒక్క పురుగైనా ఉండదేటే?" అని కసిరింది కామాక్షమ్మ. లోపలికెళ్ళి చెంబూ, ఆకు పొట్లమూ తెచ్చి పోలయ్య చేతికిచ్చింది. "ఈ పురుగుల్ని మీ రేవులో వదిలెయ్యి. ఇది నైవేద్యం, నెయ్యి వేసిందే. మోకాటి లోతు దిగి, నా పేరు చెప్పి ఆ పెద్దాయనకి పెట్టు."

"మరి పెట్టో అమ్మగోరూ?"

"పెద్దాయన్ని నువ్వు చూసుకో. వసారాలో చిన్నాయన్ని మేం చూసుకుంటాం."