పలకని బావ

నేను ఒక బొమ్మను. అలాగని పిల్లలు చంకన వేసుకు తిరిగే బొమ్మను కాను. నిలువెత్తు మనిషంత పొడుగూ, రెండు పూటలా సుష్ఠుగా తినే మనిషంత బరువూ ఉన్న గుడ్డ మనిషిని. మంటల్లో చిక్కుకున్నవాళ్ళను ఎలా వెతకాలో, ఎలా మోసుకురావాలో ఫైర్‌మన్లకు నేర్పడానికి నన్ను తయారుచేశారు. స్పృహ తప్పిన మనిషిలా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగం నేను ఒళ్ళు దాచుకోకుండా చేశాను. కొంచెం తక్కువగా చేసి ఉంటే ముత్యాలమ్మ బతికేదేమోనని ఇప్పుడు కుమిలిపోతున్నాను.

చిరిగి మూలనపడ్డ హోస్ పైపులను కోసి, జీపు సీట్లు కుట్టే దాలినాయుడు నన్ను కుట్టాడు. కాళ్ళలోనూ చేతుల్లోనూ ఇసుక, పొట్టలో గుడ్డపీలికలు, తలలో రంపపు పొట్టు కూరాడు. తలలో పొట్టు ఉన్నవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అనుకుని మొదట్లో చిన్నబోయేవాణ్ణి. తనిఖీకి వచ్చే పెద్దలను చూడడం మొదలుపెట్టాక ఆ బెంగ తీరిపోయింది. కళ్ళ చోట రెండు బొత్తాలు కుట్టి, సూదిలోకి మళ్ళీ దారం ఎక్కిస్తూ దాలినాయుడు అడిగాడు.

"నోరు కూడా కుట్టమంతారా బాబూ?"

"ఈడేటి కబుర్లు సెప్పాలా? అక్కర్నేదు, ఒగ్గీ" అన్నాడు పక్కన నిలబడ్డ తవిటయ్య.

ఆ తవిటయ్యే మా శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్ళకు డ్రిల్లు నేర్పే మేస్టారు. ఇంటిపేరు గొర్లె, హోదా లీడింగ్ ఫైర్‌మన్. ఏదో పాత అగ్నిప్రమాదంలో ఎడమ కనుబొమ మాడిపోయి మళ్ళీ మొలవలేదు. అందువల్ల ఆయన కోపంగా ఉన్నాడో ఆశ్చర్యపోతున్నాడో కొత్తవాళ్ళకు చప్పున తెలిసేది కాదు. చాలా మటుకు కోపంగానే ఉండేవాడు. నాకు 'బావ' అని పేరు పెట్టిందీ ఆయనే. బావనైతే కాళ్ళు పట్టి ఈడ్వవచ్చు, తాడు కట్టి మేడ మీంచి దింపవచ్చు, నోరారా తిట్టవచ్చు, అడిగే నాథుడు ఉండడు. కొత్తగా పెళ్ళయిన కుర్రాళ్ళు కొందరు సొంత బావల మీది కసి కూడా నా మీదే తీర్చుకునేవారు.

మా ఆవరణలో ఒక మూల పొగ గది ఉంది. కిటికీలన్నీ బిగించి, తడి గడ్డి ముట్టించి, గదిని పొగతో నింపి, నన్ను లోపల పడేసేవారు. కుర్రాళ్ళు గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూలబడి, "లోపలెవరైనా ఉన్నారా? ఉంటే పలకండి!" అని గట్టిగా కేక వెయ్యాలి. వేశాక అందరూ బొమ్మల్లా బిగుసుకుపోవాలి. బయట ఇంజను దగ్గరున్నవాడు పంపు మోత తగ్గించాలి. చెవులు రిక్కించి వినాలి. ఆ తర్వాతే గోడ పట్టుకుని లోపలికి పాకాలి.

"పొగలో కళ్ళు పన్జెయ్యవురా. సెవుల్తోనే సూడాలి" అనేవాడు తవిటయ్య. ఆయనకు ఆయన గురువు నేర్పిన పద్ధతి అది.

కానీ వాళ్ళు విన్నంతసేపూ వినడానికి అక్కడ ఏముంది? నేనే కదా ఉన్నది! పొగకు కళ్ళు మండుతుంటే ఆ కుర్రాళ్ళు పాపం ఊపిరి బిగబట్టి వినేవారు. నేను పలికేవాణ్ణి కాను. కాసేపటికి ఎవడో ఒకడు కిసుక్కుమనేవాడు.

"బావ అలిగినాడు మేస్టారూ, అత్తోరింట్లో కోడి కొయ్యనేదంట!"

అందరూ నవ్వేవారు. తవిటయ్య కూడా మీసం చాటున నవ్వేవాడు. నాకు నోరుంటే నేనూ నవ్వేవాణ్ణి.

ఆ సంగతి అక్కడితో పోయేదే, ఏటేటా జరిగే పోటీలు లేకపోతే. జిల్లాల జట్లన్నీ వచ్చేవి. పెద్ద ఆఫీసరు చేతిలో గడియారం పట్టుకుని నిలబడేవాడు. బొమ్మను ఎవరు ముందు బయటికి తెస్తే షీల్డు వాళ్ళది. ఆగి విన్నందుకు అందులో మార్కులు లేవు. ఒక ఏడు మావాళ్ళు గుమ్మంలో ఆగి, ఉలకని పలకని నా కోసం చెవులు రిక్కించి, ఆ కాస్త తేడాతో ఓడిపోయారు. పక్క జిల్లావాళ్ళు ఈలలు వేశారు. తవిటయ్యకు తల కొట్టేసినట్టయింది.

"ఒరే, ఇకనుంచి ఆ ఆగడం మానీండి" అన్నాడు మర్నాడు డ్రిల్లులో. "బావేటి పలుకుతాడా? కేకేసుకుంతానే ఎల్లిపోండి, గోడంట తిరిగీండి, దొరికినోణ్ణి లాక్కొచ్చీండి."

మరుసటి ఏడు షీల్డు మాకే వచ్చింది. తవిటయ్య దాన్ని తన తువ్వాలుతో తుడిచి అద్దాల బీరువాలో పెట్టాడు. నా మెడలో బంతిపూల దండ వేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీయించారు. నేను పొంగిపోయాను. ఆ రోజు తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఇసుక మూటకు ఆ వెసులుబాటు కూడా లేదు.

ఆ తర్వాత వచ్చిన జట్లన్నీ ఆగకుండానే నేర్చుకున్నాయి. కేక మాత్రం మిగిలింది. దారిలో ఎదురైనవాణ్ణి "బాగున్నారా?" అని అడిగి, జవాబు వినకుండా నడిచిపోతాం చూడండి, అలాగ మిగిలింది.

వాళ్ళందరిలో మేటి బమ్మిడి సన్యాసిరావు. తాటిచెట్లెక్కే ఇంట్లో పుట్టినవాడు కావడంతో ఎత్తంటే భయం లేదు. నన్ను భుజాన వేసుకుని నిచ్చెన దిగేటప్పుడు నా తల ఎక్కడైనా కొట్టుకుంటే, "తగిలిందా బావా?" అని అడిగేవాడు. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాడు వాడొక్కడే. తవిటయ్యకు వాడంటే ప్రాణం. తన క్యారేజీలోంచి చేపముక్క తీసి వాడి పళ్ళెంలో వేసి, ఆ వెంటనే ఏదో ఒక వంకతో తిట్టేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఊరి చివర గోనెసంచుల గోదాము అంటుకుంది. మా ఆవరణలోని ఇంజనే వెళ్ళింది, తవిటయ్యా సన్యాసిరావూ దాంతోనే వెళ్ళారు. నేను అక్కడ లేను. నిజం మంటలకు బొమ్మలను ఎవరు తీసుకెళ్తారు? తర్వాత రోజుల తరబడి ఆవరణలో మనుషులు చెప్పుకోగా విన్నదే చెబుతున్నాను.

కూలీలందరూ బయటికి పరిగెత్తుకొచ్చారు. ముత్యాలమ్మ ఒక్కతే కనబడలేదు. అన్నం తిని, గోనెసంచులు కట్టలుగా బిగించి పేర్చిన బేళ్ళ మధ్య కాస్త నడుం వాల్చడం ఆవిడకు అలవాటట. సన్యాసిరావు, ఇంకొకడు పొగ పీల్చకుండా ముసుగులు తగిలించుకుని లోపలికి వెళ్ళారు. కేక వేశారు. వేస్తూనే గోడ పట్టుకుని పాకారు. బయట పంపు హోరెత్తిపోతోంది. గోదాము చుట్టూ తిరిగి వచ్చారు. కప్పు కుంగడం మొదలయ్యాక బయటపడి, "నోపలెవరూ నేరు" అన్నారు.

మంట చల్లారాక ముత్యాలమ్మ దొరికింది. నడిమధ్యన, రెండు బేళ్ళ వరసల సందులో ఉంది. చేతిలో అన్నం తిన్న సత్తుపళ్ళెం. అంచంతా సొట్టలు పడి ఉంది.

ఆవిడతో కలిసి పనిచేసే సీతాలు తవిటయ్య దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవలేదట, తిట్టలేదట.

"పళ్ళెం కొట్టింది బాబూ. ఎనకాల కిటికీ కాడున్నాను, నాకే ఇనిపించింది. అరిసినాను, మీ ఇంజను మోతలో నా అరుపెవులికి ఇనిపిస్తాది? నోపలికెల్లినోలికి కూడా ఇనిపించనేదా?" అని అడిగిందట.



విచారణకు పెద్దలు వచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు గోదాము యజమానికి నోటీసులిచ్చారు. పొగ దట్టంగా ఉందనీ, బేళ్ళ మధ్య దారి వదలలేదనీ, సిబ్బంది తప్పేమీ లేదనీ తేల్చారు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. తవిటయ్యకు మాత్రం ముద్ద దిగడం మానేసింది.

హోస్ పైపులు ఆరబెట్టే టవరు కింద ఒక పొద్దున సన్యాసిరావు ఆయన్ను పట్టుకున్నాడు. పక్కనే నేను గోడకు ఆనుకుని ఉన్నాను.

"మేస్టారూ, మీరు నేర్పినట్టే సేసినాను కదా? కేకేసినాను. గోడ ఒగ్గనేదు. ఎక్కడ తప్పినానో సెప్పండి. తెలిస్తే నిద్దరైనా పడతాది."

"నీ తప్పేటీ నేదురా."

"మరెవులి తప్పు?"

తవిటయ్య వంగి, పైపు తాడుకు సరిగ్గానే ఉన్న ఒక ముడిని విప్పి మళ్ళీ కట్టసాగాడు. ఆయన చెప్పింది నిజమే, కానీ సగం. మిగతా సగం, తప్పు తనదేనన్నది, బయటికి రాలేదు. సన్యాసిరావు చెప్పిన సగాన్ని ఓదార్పు అనుకున్నాడు. మేస్టారు జాలిపడి కప్పిపుచ్చుతున్నాడని అనుకున్నాడు. కొన్నాళ్ళకు ముసుగు ముట్టుకోవడం మానేశాడు. ఆ తర్వాత ఉద్యోగమే మానేస్తానని అన్నాడు.

ఆ మాట విన్న మధ్యాహ్నం తవిటయ్య నా దగ్గరికి వచ్చి బూటుకాలితో నా డొక్కలో తన్నాడు.

"ఒక్కసారి పలికితే నీ సొమ్మేటి పోతాదిరా? ఇన్నేళ్ళలో ఒక్కసారి!"

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అనుకున్నాను మొదట. కానీ ఈసారి మద్దెలా ఓడుదే. వినడం దండగ అని ఆ పిల్లలకు నేర్పింది నేను. నోరు తెరిచి ఆ మాట చెప్పింది ఆయన. ఇద్దరం కలిసే ముత్యాలమ్మను ఆ సందులో వదిలేశాం. ఆయన ఇంకో తన్ను తన్ని, తర్వాత నా పక్కనే కూలబడి, నా భుజం మీద ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు చేతులున్నాయి గానీ ఎత్తి ఆయన వీపు మీద వెయ్యలేను.

కొత్త జట్టు వచ్చింది. "పోయేవోడివి ఎలాగూ పోతావు, వీళ్ళకొక్కసారి సేసి సూపించి పో" అని సన్యాసిరావును బతిమాలి పిలిపించాడు తవిటయ్య. బావ లోపలున్నాడని అందరికీ చెప్పాడు. నన్ను మాత్రం పొగ గది వెనక గోడవారన పడేసి, ఎవరూ చూడకుండా వెనక తలుపులోంచి తనే వెళ్ళి నేల మీద పడుకున్నాడు.

సన్యాసిరావు జట్టుతో వచ్చి కేక వేశాడు. వేస్తూనే గోడ పట్టాడు. లోపల వేలి ఉంగరంతో గచ్చు మీద కొడుతున్న చప్పుడు గోడ ఇవతల ఉన్న నాకు వినిపిస్తోంది. టక్కు, టక్కు. కుర్రాళ్ళు ఒకరినొకరు హెచ్చరించుకుంటూ, బూట్లు ఈడ్చుకుంటూ గోడవెంట తిరిగి బయటికి వెళ్ళిపోయారు.

"బావ నేడు మేస్టారూ!" అని ఆవరణంతా వెతుకుతున్నారు.

అప్పుడు తవిటయ్య దగ్గుతూ, పాకుతూ గుమ్మంలోంచి బయటికి వచ్చాడు. అందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి.

"నోపలున్నది నాను. పలుకుతానే ఉన్నాను" అన్నాడు, ఊపిరి అందాక.

"మాకినిపించనేదు" అన్నాడు సన్యాసిరావు.

"ఎలాగినిపిస్తాది? ఆగి ఇనీది నానే మానిపించీసినాను. షీల్డు కోసం మానిపించీసినానురా. ముత్యాలమ్మ పళ్ళెం కొట్టినాది. నీకినపడకపోడం నీ తప్పు కాదు. నువ్వు నాను నేర్పినట్టే సేసినావు. అదే తప్పు."

మీసం ఉన్న మేస్టారు నిన్నగాక మొన్న వచ్చిన పిల్లల ముందు ఆ మాట అన్నాడు. కథల్లో అయితే శిష్యుడు గురువును కావలించుకోవాలి. సన్యాసిరావు కావలించుకోలేదు.

"తెలిసి ఇన్నాళ్ళూ ఊరుకున్నారా మేస్టారూ?" అన్నాడు. ముసుగు నేల మీద పెట్టి గేటు దాటి వెళ్ళిపోయాడు. చాలా రోజులు రాలేదు. ఒక పొద్దున వచ్చి బెల్టు బిగించుకుని వరసలో నిలబడ్డాడు.

అప్పటినుంచి పొగ గదిలో నేను లేను. లోపల ప్రాణమున్న మనిషే ఉంటాడు, చాలాసార్లు తవిటయ్యే. మొదటి డ్రిల్లు వినడమే. గుమ్మంలో కేక వేసి, పంపు తగ్గించి, లోపలి పలుకు ఎటునుంచి వచ్చిందో తేల్చుకునేదాకా ఒక్కడూ కదలకూడదు. తవిటయ్య రిటైరయ్యాక కూడా సైకిలు మీద వస్తాడు. దారిలో గోదాముల దగ్గర ఆగి, "మధ్యాన్నం పూట ఎక్కడ తొంగుంతారమ్మా?" అని ఆడకూలీలను అడిగి తెలుసుకుని, వచ్చి కుర్రాళ్ళకు చెబుతాడు. ఇప్పుడు డ్రిల్లు నేర్పేది సన్యాసిరావు.

నేను పొగ గది గోడవారన, అరిగిన టైర్ల మధ్య పడి ఉన్నాను. నాలోని ఇసుక చాలావరకు ఎర్ర బకెట్లలోకి వెళ్ళిపోయింది. రూల్సులో బొమ్మ ఉండాలని ఉంది కాబట్టి తనిఖీ ఉన్న రోజున మాత్రం దులిపి నిలబెడతారు.

మొన్న ఒక పొద్దున తవిటయ్య లోపలికి వెళ్ళాడు. కుర్రాళ్ళు కేక వేశారు. పంపు మోత తగ్గింది. అందరూ బిగుసుకుపోయారు. లోపలినుంచి పలుకు లేదు. వాళ్ళు కదలలేదు. ఇంకా పలుకు లేదు. నా గుండె ఉండాల్సిన చోట గుడ్డపీలికలు జారినట్టయింది. వయసు మళ్ళిన ఊపిరితిత్తులు, ఎన్నాళ్ళని ఓర్చుకుంటాయి?

సన్యాసిరావు ఉండబట్టలేక వెనక తలుపు తోసుకుని లోపలికి దూకాడు. తవిటయ్య గోడకు చేరగిలబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు.

"పలకరేటి మేస్టారూ? మా పానాలు పోనాయి!"

"పలుకుదామనే అనుకున్నానురా." ఆయన తువ్వాలు నోటి మీంచి తీశాడు. "మీరందరూ ఊపిరి బిగబట్టుకోని నాకోసం అలాగ ఆగిపోతే... ఆ మనిషి కోసం ఒక్కడూ ఇలాగ ఆగనేదు కదరా."

సన్యాసిరావు ఆయన పక్కనే ఆ పొగలోనే చతికిలబడ్డాడు. గుమ్మం దగ్గర కొత్త కుర్రాళ్ళు, లెమ్మని ఎవరూ చెప్పలేదు కాబట్టి, మోకాళ్ళ మీద కదలకుండా ఇంకా వింటూనే ఉన్నారు.