టీచరుగారి తగువు

దెందులూరులో హన్నమ్మ టీచరుకీ పక్కింటి వీరరాఘవమ్మకీ రోజూ పొద్దున్నే ప్రహరీగోడ దగ్గర తగువు. టీచరుగారి కోళ్ళు గోడ దాటి రాఘవమ్మ ఎండబెట్టిన వడియాలు తినేవి. ఎంత తగువులోనూ ఇద్దరూ మర్యాద తప్పేవారు కాదు.

"మీ కోళ్ళకి కాస్త బుద్ధి చెప్పండి టీచరుగారూ."

"చెప్పానండీ. వడియాల్లో ఉప్పెక్కువైందని అవి నాకే చెప్పాయి."

గెలుపు ఎప్పుడూ టీచరుదే. బళ్ళో పాఠాలు చెప్పి చెప్పి పదునెక్కిన నోరు.

2007 వేసవిలో ఆమెకు అండాశయంలో కేన్సర్ అని తేలింది. విజయవాడలో ఆపరేషన్ చేసి, కీమో మొదలుపెట్టారు. జుట్టు ఊడిపోయింది గానీ తగువు ఆగలేదు.

ఆమె భర్త ఏలీయాకి విజయవాడ డాక్టరమ్మ ఒక జాగ్రత్త చెప్పింది. "ఈ జబ్బులో రక్తం తొందరగా గడ్డకడుతుందండీ. గడ్డ మెదడుకి అడ్డం పడితే పక్షవాతం వస్తుంది. మూతి వంకరపోయినా, మాట తేడాగా వచ్చినా ఆలస్యం చెయ్యకండి."

ఏలీయా పగలంతా కొల్లేరు వైపు చేపల చెరువుల మీద ఉంటాడు. అందుకని ఆ మాట రాఘవమ్మ చెవిన వేశాడు.

ఒకరోజు పొద్దున రాఘవమ్మ ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "ఈవేళ సగం చాప ఖాళీ చేశాయండీ మీ కోళ్ళు."

టీచరు తాపీగా అంది. "మీ గొడుగు... మజ్జిగలో పెట్టండి."

రాఘవమ్మకి నవ్వొచ్చింది. ఇదేదో కొత్త ఎత్తు అనుకుని, జవాబు వెతుక్కుంటూ ఎదుటి మొహంలోకి చూసింది. మూతి ఎడమవైపుకి లాగేసి ఉంది. కుడిచేతిలోని నూకల గిన్నె జారి కిందపడింది. కోళ్ళు ఎగబడ్డాయి.

అరవై దాటిన రాఘవమ్మ చీర ఎగదోపి గోడ ఎక్కి దూకింది. టీచరుని పొదివి పట్టుకుని, వీధిలో ఆటో తుడుచుకుంటున్న అబ్బులిని కేకేసింది.

"కాసేపు పడుకోబెడితే సర్దుకుంటుందేమోనండీ," అన్నాడు అబ్బులు.

"పడుకోడానికి మా ఇంట్లోనూ మంచం ఉంది. నువ్వు ఏలూరు పోనివ్వు."

ఆసుపత్రిలో అడుగుపెడుతూనే రాఘవమ్మ కేన్సర్ సంగతీ కీమో సంగతీ చెప్పేసింది. స్కాన్ తీసి, మెదడులో ఎడమపక్క గడ్డ అడ్డుపడిందన్నారు. రక్తం మళ్ళీ గడ్డకట్టకుండా మందులు మొదలుపెట్టారు.

ఏలీయా బురదకాళ్ళతోనే పరుగెత్తుకొచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. టీచరు అతన్ని చాలాసేపు చూసి, "చేప," అంది.

"అవునే, స్నానం చెయ్యకుండానే వచ్చేశాను," అన్నాడతను, ఏడుస్తూనే నవ్వుతూ.

ఇంటికొచ్చాక టీచరు నోరు విప్పడం మానేసింది. నీళ్ళు అడగబోతే తలుపు అని వచ్చేది. చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు సిగ్గుతో తల దించుకునేది. ఎలాగైనా మాట్లాడించమన్నాడు ఏలూరు డాక్టరు.

మర్నాడు పొద్దున్నే రాఘవమ్మ గోడ దగ్గరికొచ్చింది. "మీ కోళ్ళు దొంగలండీ టీచరుగారూ."

టీచరు కళ్ళు ఎర్రబడ్డాయి. పెదవులు కదిలాయి. రాఘవమ్మ ఒక్కో వడియం తిరగేస్తూ ఓపిగ్గా నిలబడింది.

"కోళ్ళు... మంచివి. మీరే..."

"నేనే?"

"పిసినారి."

ఆ రోజు రాఘవమ్మ వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, టీచరుగారు తనని పిసినారి అన్నారని మురిసిపోతూ చెప్పుకుంది. తర్వాత రోజూ కోళ్ళ మీద ఒక కొత్త నింద గోడ దగ్గరికి మోసుకొచ్చేది.

డాక్టరమ్మ మిగిలిన కీమో పూర్తి చేయించింది. దాంతోపాటు రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టకి ఒక ఇంజెక్షన్. అది ఏలీయానే చేసేవాడు, తనకి గుచ్చుకున్నట్టు కళ్ళు చిట్లిస్తూ. ఆఖరి పరీక్షల్లో కేన్సర్ ఆనవాలు కనబడలేదు, అయినా వస్తూ ఉండమన్నారు. కుడిచెయ్యి చెంచా పట్టేదాకా వచ్చింది, కలం పట్టేదాకా రాలేదు.

క్రిస్మస్ ముందు చర్చిలో ఆడవాళ్ళ కూడికకి ప్రార్థన ఆమెనే చెయ్యమన్నారు. మాటమాటకీ ఆగుతూ, పేర్లు వెతుక్కుంటూ, ఆమె ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళందరినీ తలుచుకుంది. బయట పులిహోర చల్లారిపోయింది. పిల్లలు గింజుకున్నారు. ఆమె ఆమేన్ అనేదాకా ఆడవాళ్ళెవరూ కళ్ళు తెరవలేదు.