మధ్యాహ్నం పూట ఆగిపోయే ల్యాప్‌టాప్

బేతంచెర్లలో మా ఇల్లు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ వెనకాలే. ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు మిషన్లు చూశాను. ఇప్పుడు పని మానేశాను. రాతిపొడి మాత్రం ఇంకా ఇంట్లోకి వస్తూనే ఉంది.

మే నెలలో నా మనవరాలు శివాని కర్నూలు నుంచి వచ్చింది. యూనివర్సిటీలో నీళ్ల మీద పరిశోధన చేస్తోంది. కోసిగి చుట్టుపక్కల అరవై రెండు బావుల్లో రెండేళ్లపాటు నెలనెలా టేపు దించి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచింది. పదిహేనో తేదీన సార్ల ముందు అదంతా చెప్పాలి. రాసుకోవడానికని ఇంటికి వచ్చింది.

వచ్చిన మూడో రోజు నుంచి ల్యాప్‌టాప్ ఆగిపోవడం మొదలైంది. ముందు బాగా నెమ్మదించేది. తరువాత లోపల ఫ్యాను అరిచేది. ఆపైన తెర నల్లబడేది. వైరస్ పట్టిందని శివాని అంది. ఆదోనిలో ఒక జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి తీసిందట. అక్కడే అంటుకుందని ఆమె నమ్మకం. మళ్లీ పెన్‌డ్రైవ్ పెడితే దానికీ అంటుకుంటుందని కాపీ తీయలేదు. ఇంటర్నెట్‌లోకి పంపబోతే సగంలోనే ఆగిపోయింది. ఆరు నెలల కిందటి కాపీ ఒకటి వాళ్ల సార్ దగ్గర ఉంది. ఆ తరువాత కొలిచినవి ఈ ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేవు.

నా కొడుకు రాజశేఖర్ ఆమెను తీసుకుని కర్నూల్లో ఒక రిపేరు షాపుకు పోయాడు. షాపతను గోపీనాథ్ వైరస్‌ను వెతికే ప్రోగ్రాం పెట్టాడు. అది కూడా సగంలో ఆగింది. వైరస్ తనను పట్టుకోనివ్వడం లేదని, లోపల ఉన్నదంతా తుడిచి కొత్తగా ఎక్కించాలని చెప్పాడు. డిస్కు తీసి ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడమంటే, దానికీ అంటుకుంటుందని ఒప్పుకోలేదు. ఆలోచించుకుని రేపు తెస్తామని వీళ్లు తిరిగి వచ్చారు.

మరుసటి రోజు పన్నెండు దాటింది. భోజనం చేసి బయలుదేరదామని రాజశేఖర్ తొందర పెట్టాడు. లెక్కలు పోతే పోయినాయి, మళ్లీ పోయి కొలుచుకోవచ్చు అన్నాడు.

శివాని కంచం ముందు నుంచి లేచింది. "పోయిన నెల నీళ్లు ఇప్పుడు యాడ కొలిచేది నాయనా? పద్దెనిమిది బావులు ఎండిపోయినాయి."

వాడు కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

నేను అడిగాను. "అది ఏ పొద్దు ఆగుతాది పాపా?"

ఎప్పుడు పడితే అప్పుడే అంది. సరిగ్గా చెప్పమన్నాను. ఆలోచించింది. పొద్దున ఆరుకు కూర్చుంటే అరగంట నడుస్తుందట. మధ్యాహ్నం పది నిమిషాలే. కర్నూలు షాపులో ఏసీ కింద పెట్టినప్పుడు మాత్రం ముప్పావు గంట నడిచిందట.

"ఎండ చూసి బలం తెచ్చుకునే వైరస్ ఉంటాదా?" అన్నాను.

రాజశేఖర్ నవ్వాడు. "అది రాయి మిషన్ గాదు నాయనా."

"గాదు. అరిచేది మాత్రం అట్లనే అరుస్తాండాది."

ల్యాప్‌టాప్ తెమ్మన్నాను. మా ఇంటిది, వెంకటలక్ష్మమ్మ, రెండేళ్ల కిందటే దానికి ఒక బొంత సంచి కుట్టింది. పాత చీరలు నాలుగు మడతలు వేసి కుట్టిన మెత్తటి సంచి. ఇక్కడికి వచ్చినప్పుడల్లా పొడి పడకూడదని శివాని దాన్ని సంచిలోంచి తీయకుండానే, పైభాగం తెరిచి, మంచం మీద పెట్టుకుని పని చేసుకునేది. తిప్పి చూశాను. అడుగున గాలి పోయే సందులన్నీ బొంతకు ఆనుకుని ఉన్నాయి. ఫ్యాక్టరీలో కొత్తగా వచ్చినవాళ్లు పొడి పడకూడదని మోటారుకు గోనెపట్టా కప్పేవాళ్లు. అట్లా కాలిపోయిన మోటార్లు నేను చాలా చూశాను.

బొంత తీసేశాను. వసారాలో రెండు రాతిముక్కలు ఎడంగా పెట్టి వాటి మీద ల్యాప్‌టాప్ ఆనించాను. ఇరవై అయిదు నిమిషాలు నడిచింది. తరువాత అరిచి ఆగిపోయింది.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు రాజశేఖర్.

"పది నిమిషాలు ఇరవై అయిదు అయినాయి. లోపల కూడా ఏదో ఉండాది. విప్పాల."

శివాని రెండు చేతులూ దాని మీద పెట్టింది. నేను పోయి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాను. వచ్చి కూర్చోగానే తనే నా వైపు జరిపింది.

"నేను కొలిచినవన్నీ దీంట్లోనే ఉండాయి జేజినాయనా."

"తెలుసు."

పది మరలు. ఊడిన వరసలోనే పళ్లెంలో పెట్టుకున్నాను. మూత తీయగానే బ్యాటరీ తీగ ఊడదీశాను. కరెంటు ఉండగా ఏ మిషన్ మీదా చెయ్యి పెట్టే అలవాటు నాకు లేదు. ఫ్యాను బిస్కెట్ అంత ఉంది. దాని మూతికి రాతిపొడీ, బొంత నూగూ కలిసి గట్టిగా పేరుకుని ఉన్నాయి. గాలి పోవడానికి చీమ దూరే సందు కూడా లేదు. వెంకటలక్ష్మమ్మ అద్దాలు పెట్టుకుని వచ్చి వంగి చూసింది.

"ఈ పచ్చపోగు నా చీరదే" అంది. అని లోపలికి పోయింది.

ఆ పేరుకున్నది పొరలాగా లేచి వచ్చింది. మిగిలింది పెయింటు బ్రష్‌తో దులిపాను. ఫ్యాను తిరగకుండా రెక్కల మధ్య అగ్గిపుల్ల అడ్డం పెట్టి సైకిల్ పంపుతో గాలి కొట్టాను. ఊరికే తిరగనిస్తే చెడిపోతుంది. మళ్లీ అన్నీ బిగించాను. మర ఒక్కటి కూడా మిగల్లేదు.

సరిగ్గా రెండు గంటలకు ఆన్ చేశాము. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ. పది నిమిషాలు దాటాయి. ఇరవై అయిదు దాటాయి. కర్నూలు పోవాలన్న మాట రాజశేఖర్ మళ్లీ ఎత్తలేదు. గంట దాటాక శివాని, నిజంగా వైరస్ కూడా ఉంటే ఏం చేయాలని అడిగింది. సగంలో ఆగిన ఆ వెతికే ప్రోగ్రాంను ఇప్పుడు పెట్టి చూడమన్నాను.

గంటా నలభై నిమిషాలు వెతికింది. ఈసారి చివరిదాకా పోయింది. ఏమీ లేదని తెర మీద వచ్చింది. శివాని గట్టిగా చదివింది. మళ్లీ చదివింది. తరువాత మూడు పెన్‌డ్రైవ్‌లలోకి అంతా ఎక్కించింది. అరవై రెండు బావులు, ఇరవై నాలుగు నెలలు, ఒక్క అంకె కూడా పోలేదు. రాజశేఖర్ నాకు టీ తెచ్చి ఇచ్చాడు. వాడు పెట్టిన టీ తాగడం అదే మొదటిసారి.

పదిహేనో తేదీన నన్నూ కర్నూలు తీసుకుపోయింది. హాల్లో కరెంటు పోయి జనరేటర్ మీద లైట్లు, గోడ మీద బొమ్మ వేసే ప్రొజెక్టర్ మాత్రమే నడుస్తున్నాయి. ఏసీ లేదు. పెన్‌డ్రైవ్ ఇస్తే తన ల్యాప్‌టాప్‌లో చూపిస్తానని వాళ్ల సార్ అన్నాడు. శివాని వద్దంది. తన ల్యాప్‌టాప్‌నే బల్ల మీద పెట్టింది.

మధ్యాహ్నం రెండున్నర. ఆమె ఇంగ్లీషులో చెబుతోంది. నేను మొదటి వరసలో కూర్చుని ఫ్యాను చప్పుడు వింటున్నాను. గోడ మీద బావుల బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి వస్తున్నాయి. అరగంట అయింది. సార్లు చెమటలు తుడుచుకుంటున్నారు. ఫ్యాను ఒకే తీరుగా, సన్నగా తిరుగుతోంది. నలభై నిమిషాలు. ఎండిన పద్దెనిమిది బావులూ ఎర్ర చుక్కలై గోడ నిండా వచ్చాయి. సార్లలో ఒకాయన లేచి దగ్గరికి పోయి చూశాడు. ఇంత లెక్క ఈ జిల్లాలో ఇంతవరకు ఎవరూ తీయలేదని తెలుగులోనే అన్నాడు.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆమె చెప్పాల్సింది ఇంకా సగం ఉందట. అయినా నేను ఆపలేదు. మిగతావాళ్లూ అందుకున్నారు.