వెనక బండికి లైసెన్సు

"మాస్టారూ, మీ లైసెన్సు ఒకసారి చూపిస్తారా అండీ?" అన్నాడు పట్టాభి.

అరుగు మీద కూచుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. బడి సగం రోజులు మూతపడే ఉన్నా, దిద్దడానికి పేపర్లు మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చేవి. ఇంట్లో కిరాయికి ఉన్నవాడికి నా డ్రైవింగ్ లైసెన్సుతో ఏం పని? అది పందొమ్మిది వందల అరవై తొమ్మిది, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది. ఎవరు ఏది అడిగినా, ఎందుకడిగారో ముందు ఆలోచించుకుని ఆ తర్వాత జవాబు చెప్పే కాలం.

పట్టాభిది తెనాలి. ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి వెనకగది, దాన్నానుకున్న రేకుల షెడ్డు అతనికీ, భార్యాబిడ్డలకీ ఇచ్చాను. నా భార్య రెబెక్క పోయాక ఇంట్లో మరో మనిషి అలికిడి ఉంటే బాగుంటుందనిపించింది. ఆ అలికిడి ఇనుముదని తర్వాత తెలిసింది. పాత ఫియట్ కారు ఒకటి కొని, దాని పైభాగమంతా కోసేసి, ఒక్క మనిషి పట్టేలా రేకు తొడిగి, మూడేళ్లు కష్టపడి పందెం కారు చేశాడు. దానికి లైట్లు లేవు, మడ్‌గార్డులు లేవు, నంబరు ప్లేటు లేదు. మద్రాసు దగ్గర పాత విమానాల మైదానంలో ఏటా కార్ల పందేలు జరిగేవి. ఈ శనివారం లోపల అక్కడికి చేరాలి. చేరకపోతే మళ్లీ ఏడాది వరకు లేదు. ఆ ఏడాది తర్వాత తనీ ఊళ్లో ఉంటాడో లేడో అతనికే తెలియదు.

"రోడ్డు మీద నడపనివ్వరండీ. ఇంకో బండికి కట్టి లాక్కెళ్లాలి. నా లైసెన్సు వట్టి కారుకే. వెనక బండి కట్టాలంటే వేరే ముద్ర ఉండాలట. మీకు ఉందని విన్నాను."

"ఎవరు చెప్పిన్రు?"

"అనంతమ్మగారండీ."

అనంతమ్మ పక్కింటావిడ. ఈ నేలలు పొలాలుగా ఉన్నప్పటినుంచీ ఉన్న కుటుంబం. ఆమెకు తెలియకుండా మా వీధిలో కుక్క కూడా పడుకోదు.

లైసెన్సులో ఆ ముద్ర ఉన్నమాట నిజమే. రెబెక్క మిషన్ దవాఖానలో నర్సు. చలికాలంలో వాళ్లు వ్యానులో ఊళ్లకు క్యాంపు పోయేవారు. వెనక ట్రెయిలర్‌లో డేరాలు, మందుల పెట్టెలు. ఓ ఏడాది డ్రైవరు మానేశాడు. చరిత్ర మాస్టరునైన నేను, సెలవుల్లో ఆమెతో ఉండొచ్చన్న ఆశతో బండి నేర్చుకుని, ఆఫీసు చుట్టూ తిరిగి ఆ ముద్ర వేయించుకున్నాను. చెట్టుకింద ఆమె పిల్లలకు మందు పోస్తుంటే నేను ట్రెయిలర్ చక్రాలకు గాలి చూసేవాణ్ణి. అంతకంటే మంచి సెలవులు నాకు మళ్లీ రాలేదు.

"సరే, ఏ బండితో లాగుతవు?"

అతను అప్పటికే అన్నీ ఆలోచించుకున్నాడు. అంబాసిడర్ టాక్సీవాడు వెనక కొక్కెం బిగించాలనగానే వెళ్లిపోయాడట. స్నేహితుడి జీపు ఉంది కాని, ఆ రోజుల్లో దూరం నుంచి జీపు కనిపిస్తే చాలు, సర్కారుదే అనుకుని రాళ్లు పడేవి. ట్రాక్టరుకు బలం ఉంది కాని, అది మద్రాసు చేరేసరికి పందెం అయిపోతుంది. లారీ అడిగితే, ఆంధ్ర లారీవాళ్లు ఇటు రామన్నారు, ఇక్కడివాళ్లు అటు పోమన్నారు.

"మిషన్ వ్యాను ఊరికే ఉంది కదండీ" అన్నాడు నేల చూస్తూ.

లైసెన్సు అడిగినప్పుడే వ్యాను దాకా లెక్క వేసుకున్నాడన్నమాట. లోకల్ మనిషి, మిషన్ బండి, చర్చి పేరు. వీటన్నిటి వెనక తను. నాకు నచ్చలేదు. అయినా ఆలోచిస్తానన్నాను.

మర్నాడు అనంతమ్మ గోడ మీంచి పిలిచింది. "సారూ, గా ఆంధ్రాయన పెండ్లాన్ని పిల్లను ఊరికి తోలిండు, ఎరుకేనా? సామానంత కట్టిండు. కారు పందెమంట! నాకైతే నమ్మబుద్ధి కాదు. బండి పేరు చెప్పి బిచాణా ఎత్తుతుండు."

"భయమైతే పోనీ అనంతమ్మా. తప్పేమున్నది?"

"పోతే పోనీ. మిమ్ముల ముంగట పెట్టుకొని పోవుడెందుకు? చౌరస్తల పోరగాండ్లు పట్టుకుంటే ఎవర్ని అడుగుతరు, మిమ్ముల్నే గదా!"

ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. నీళ్లు తోడే వంకతో షెడ్డు దాకా వెళ్లి చూశాను. రెండు ట్రంకు పెట్టెలకు తాళ్లు కట్టి ఉన్నాయి. నన్ను చూసి పట్టాభి ఒక పెట్టె మీద గోనె లాగాడు. గోనె సర్దుతూ అతనే అన్నాడు: "నిన్న చాయ్ దుకాణం దగ్గర స్టూడెంట్లతో మాట్లాడుతున్నారు. నా గురించా అండీ?"

"పరీక్షల గురించి."

నమ్మలేదని అతని ముఖమే చెప్పింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే, వీడు అనుకున్నది నిజం కాదని చూపించాలని, మిషన్ పాస్టరుగారిని అడిగి వ్యాను తాళాలు తెచ్చాను.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాలి. ట్రెయిలర్‌కు పలకలు బిగించి, కారు ఎక్కించి, టార్పాలిన్ కప్పాం. చక్రాలకు గాలి చూసి పైకి లేచేసరికి వ్యాను పక్కలు కనిపించాయి. రెండువైపులా తెల్లటి ఆయిల్ పెయింటుతో 'జై తెలంగాణ'. గుండ్రటి అక్షరాలు, కింద నీడ కూడా వేసి, కొలత పెట్టి రాసినట్టున్నాయి.

"రాత్రి మీరు పడుకున్నాక రాశానండీ. దారిలో ఎవరూ ఆపకుండా."

అనంతమ్మ గేటు దగ్గర చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇదేంది సారూ! సినిమా టాకీస్ బోర్డు లెక్క ఉన్నది."

ఏదో తేడా ఉందని నాకూ అనిపించింది. ఏమిటో అందలేదు. తుడిచేద్దామంటే పెయింటు ఆరిపోయింది. బయల్దేరాం.

ఇవాళ ఎల్బీ నగర్ అంటున్న చోట అప్పుడు సాగర్ రోడ్డు చీలే మలుపు, రెండు చాయ్ దుకాణాలు, చుట్టూ చెలకలు ఉండేవి. రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు పెట్టారు. పాతికమంది ఉంటారు. ముందున్న అబ్బాయి పేరు నర్సింహ అని పక్కవాళ్లు పిలుస్తుంటే తెలిసింది. ఆ పక్క ఊరి పటేళ్ల పిల్లవాడట. కాలేజీ చదువు ఆపి వచ్చాడు.

అతను బండి చుట్టూ ఓసారి తిరిగాడు. అక్షరాల మీద వేలితో రుద్ది చూశాడు.

"సారూ, ఎక్కడి బండి?"

"మిషన్ దవాఖానది. నేను దిల్‌సుఖ్‌నగర్ల ఉంటా. పేరు సాలోమోను. మాది భువనగిరి దిక్కు."

"మన మనిషే. మరి పెయింటు ఎవలేసిన్రు?"

అప్పుడు అర్థమైంది. మా బండ్ల మీద నినాదం ఎవరూ సొంతంగా రాసుకోరు. చౌరస్తాలో పిల్లలే సుద్దతోనో బొగ్గుతోనో గీస్తారు. అది చెరిగిపోతే ఇంకో చౌరస్తాలో మళ్లీ గీస్తారు. వంకరగా, సగం సగం. ఈ వీధుల్లో తిరిగే బండి మీద ఒకదానిమీద ఒకటి పడిన గీతలే ఉంటాయి. నీడలు వేసి పెయింటు చేయించుకోవలసిన అవసరం, భయం ఉన్నవాడికే వస్తుంది.

"నేనే" అంటే నమ్మేవారేమో. పక్కన పట్టాభి బిగుసుకుపోయి కూచున్నాడు.

"ఈయన రాసిండు. మా ఇంట్ల కిరాయికుంటడు. తెనాలి. భయపడి రాసిండు. వెనకున్నది పందెం కారు, మద్రాసు తీస్కపోతున్నం."

పట్టాభి నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు ఈరోజుకీ గుర్తుంది.

"ఆంధ్రాయన జై తెలంగాణ రాసిండురో!" అని ఎవరో అరిస్తే గుంపంతా నవ్వింది. ఆ నవ్వు మంచిదో కాదో తెలియలేదు. ఒకడు టార్పాలిన్ ఎత్తి చూశాడు. "నర్సింహన్నా, నిజంగనే కారుందే! లైట్లు లెవ్వు, నెత్తి లేదు." ఇంకొకడు, "తగలవెడితే మంచిగ మండుతది" అన్నాడు.

నర్సింహ నా లైసెన్సు అడిగి తీసుకున్నాడు. ముద్ర దగ్గర ఆగాడు. "ట్రెయిలర్ గూడ రాసున్నది. సరే సారూ, మీరు పోండ్రి. బండి పోనిస్తం, కారు పోనిస్తం. ఈయన ఇక్కడ్నే దిగాలె."

"ఆయన లేకుంటే ఆ కారెందుకు? ఆయన్ని ఇడిసిపెట్టి నేను పోను."

"మేం కొట్టం సారూ. పనున్నది."

ఏం పనో చెప్పలేదు. నేను ఇంజను ఆపేశాను. అప్పుడు పట్టాభి నెమ్మదిగా తలుపు తెరిచాడు. అతను ఎంచుకోవలసినవి రెండే: కారు కాలిపోవడం, లేదా కాసేపటి క్రితం తన ఊరు పేరు బయటపెట్టిన నా చేతిలో దాన్ని పెట్టి, తను వీళ్ల మధ్య నిలబడటం.

"హయత్‌నగర్ దాటి ఆగండి మాస్టారూ. స్పీడు వద్దు. ఎడమ తాడు వదులుగా ఉంది." అంతే అన్నాడు.

అతనే దిగిపోయాక, నర్సింహ తిరిగిచ్చిన లైసెన్సు జేబులో పెట్టుకుని ఇంజను మళ్లీ వేశాను. రాళ్లు జరిపారు. అద్దంలో చూస్తే పట్టాభి గుంపు మధ్య తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

హయత్‌నగర్ దాటి ఒక వేపచెట్టు కింద ఆగాను. ఎడమ తాడు బిగించాను. మళ్లీ బిగించాను. వెనక్కి వెళ్లాలా? వెళితే ఈసారి కారును వదలరు. వెళ్లకపోతే అతని భార్యకు ఏం చెప్పాలి? ఒక ముసలమ్మ పొలం నుంచి వస్తూ, ఏమీ అడక్కుండానే, మూటలోంచి జామకాయ తీసి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. దాన్ని తినలేక, పారేయలేక పట్టుకుని నిలబడ్డాను.

ఎండ నెత్తిమీదికొచ్చాక ఎడ్లబండి ఒకటి వచ్చింది. దాని వెనక కాళ్లు వేలాడేసి పట్టాభి కూచున్నాడు. దిగీ దిగగానే నన్ను చూడలేదు. నేరుగా ట్రెయిలర్ దగ్గరికి పోయి టార్పాలిన్ ఎత్తాడు. చక్రాలు, తాళ్లు, ఇంజను మూత అన్నీ తడిమి చూశాడు. నేను అతన్ని చూశాను. ముఖం మీద దెబ్బలేదు. చొక్కా చిరగలేదు. చేతులు మాత్రం మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

"ఏమైంది?"

"బ్యానర్లండీ." అతను టార్పాలిన్ మళ్లీ కప్పుతూ అన్నాడు. "అక్షరం బావుందన్నారు. రేపు ఊరేగింపట. గుడ్డలు పరిచి రాయించారు. ముందు ఊరికే రాశాను. తర్వాత ఆ నర్సింహ, నీడ కూడా పెట్టవయ్యా, బండి మీద పెట్టినట్టు, అన్నాడు."

"పెట్టినవా?"

"పెట్టానండీ. అన్నిటికీ." అప్పుడు నా వైపు తిరిగి అడిగాడు: "మీరు వాళ్లకి ముందే చెప్పి ఉంచారా, నా గురించి?"

"లేదు."

ఈసారి నమ్మాడో లేదో నేను చెప్పలేను. చేతుల్లోని జామకాయ అతనికిచ్చాను. అతను దాన్ని ప్యాంటుకు తుడిచి, విరిచి, పెద్ద సగం నాకిచ్చాడు. దాని మీద తెల్ల పెయింటు వేలిముద్ర పడింది. ఆ పక్క కొంచెం కొరికి ఊసేసి, మిగతాది తిన్నాను.

"మద్రాసు ఇంకా చాలా దూరం మాస్టారూ" అన్నాడు ఎక్కి కూచుని.

బండి తీశాను.