తుల్పార్ దుకాణంలో కొత్త కోడలు

తుల్పార్ దుకాణంలోకి అడుగుపెట్టిన ప్రతివాడూ ముందు అడిగేది ఒకటే మాట. "ఏంటి, దొంగలు పడ్డారా?"

అడగక ఏం చేస్తారు? నిన్నమొన్నటిదాకా గోడల పొడుగునా కంప్యూటర్లు బారులు తీరి ఉండేవి. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో సొంతంగా కంప్యూటర్లు బిగించి అమ్మిన కంపెనీ మరి. ఇప్పుడు చైనా నుంచి బజారులోకి లాప్‌టాప్‌లు పుచ్చకాయల్లా దిగుతున్నాయి. ఆ ధరకి తుల్పార్‌కు పైడబ్బా కూడా తయారు కాదు. అందుకని యజమాని ఎమిల్ ఒక పొద్దున వచ్చి, ఇకనుంచి యంత్రాలు అమ్మబోమనీ, యంత్రాల్లో నడిచే సాఫ్ట్‌వేర్ అమ్ముతామనీ తేల్చేశాడు. కంప్యూటర్లన్నీ లారీ ఎక్కాయి. వాటి చోట అట్టపెట్టెలు వచ్చాయి, ఒక్కోదాంట్లో ఒక్కో డిస్కు. కౌంటరు మీద మాత్రం ఒక పాత కంప్యూటరు మిగిలింది.

దుకాణం చూసుకునే నుర్జాత్‌కి ఈ మార్పు మింగుడుపడలేదు. యంత్రం అమ్మడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. మూత విప్పి లోపల చూపించేది, కొనేవాడి చేత ఎత్తించి బరువు చూపించేది. ఇప్పుడు ఈ పెట్టె ఎత్తినవాడల్లా చెవి దగ్గర ఊపి చూసి, ఖాళీగా ఉందంటున్నాడు. లోపల డిస్కు ఉందంటే నవ్వుతున్నాడు. అలాంటి డిస్కులు బజార్లో రొట్టె ధరకి కాపీ చేసి ఇస్తారట.

"వసంతంలో నూరుజ్ పండగదాకా చూస్తా, నుర్జాత్," అన్నాడు ఎమిల్. "అప్పటికీ ఒక్కటీ అమ్ముడుపోకపోతే దుకాణాన్ని ఫోన్లు అమ్మేవాళ్ళకి అద్దెకిచ్చేస్తా. నన్ను తిట్టుకోకు."

"తిట్టుకుంటాను బైకే. ఎందుకు తిట్టుకోను?" అందామె. బైకే అంటే వాళ్ళ భాషలో అన్న. నలభై దాటిన మనిషిని ఫోన్లవాళ్ళు పెట్టుకోరని ఆమెకి తెలుసు. ఆ దుకాణం లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో తోచక ఆమెకి భయం పట్టుకుంది.

మంచు కరుగుతున్న రోజుల్లో సైరాకన్ అనే పెద్దావిడ కొచ్కోర్ అనే కొండ ఊరి నుంచి వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టి ఉన్నిని తడిపి తొక్కి చేసిన మందపు గుడ్డని బొమ్మలుగా కోసి షిర్దాక్ తివాచీలు కుట్టిస్తుంది. వాళ్ళ పాత కంప్యూటరు మొరాయిస్తోందని చెప్పడానికి వచ్చింది.

"ఇప్పుడు మేము యంత్రాలు ముట్టుకోవడం లేదు, ఆపా," అంది నుర్జాత్, పెద్దావిడని అమ్మా అన్నట్టు పిలుస్తూ. ఈగలు తోలుకుని తోలుకుని విసుగు పుట్టి, ఆ సమయానికి కంపెనీవాళ్ళే రాసిన తివాచీల సాఫ్ట్‌వేర్ తెరిచి గీతలు గీస్తోంది.

పెద్దావిడ చూపు తెర మీద ఆగిపోయింది. "ఆ పొట్టేలు కొమ్ము బొమ్మ ఎవరు కోశారు?"

"ఎవరూ కోయలేదు. కోయకముందే తివాచీ ఎలా వస్తుందో చూపిస్తుంది."

"ఎరుపు తీసి నీలం పెట్టు."

పెట్టింది.

"కొమ్ము ఇంకాస్త వంచు."

వంచింది. సైరాకన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె పనిలో కత్తి ఒక్కసారి దారి తప్పితే చలికాలం చాకిరీ అంతా మట్టిపాలే. చాలాసేపటికి లేచి, సంచిలోంచి కొత్త రుమాలు తీసి కంప్యూటరు మీద కప్పింది.

"ఇదేంటి ఆపా?"

"కోరుమ్‌దుక్."

"అయ్యో, చూడ్డానికి ఏమీ ఇవ్వక్కర్లేదు."

"మర్యాద ఎవరు నేర్పారే నీకు? కొత్త కోడలి మొహం చూసి చేతులూపుకుంటూ పోతానా? మా ఊళ్ళో కొత్త గుర్రాన్ని చూసినా చేతిలో ఏదో ఒకటి పెడతాం. మీ పట్నంలో మానేశారేమో."

నుర్జాత్‌కి తన మీద తనకే నవ్వొచ్చింది. కోడల్ని పెట్టెలో మూసేసి, ఊపి చూడమని జనాన్ని బతిమాలింది ఇన్నాళ్ళూ. మర్నాడే అట్టపెట్టెలన్నీ అటకెక్కించి, పాత కంప్యూటరుకి తెల్లటి ముసుగు వేసింది. కోరుమ్‌దుక్ పెడితేనే ముసుగు తీస్తానంది. ఒకరు మిఠాయి పెట్టారు, ఒకరు గుప్పెడు ఆప్రికాట్లు పెట్టారు. దుకాణం మళ్ళీ కళకళలాడింది.

"నవ్వులు బాగానే ఉన్నాయి," అన్నాడు ఎమిల్. "అమ్మకం ఏది?"

అదే లేదు. అందరూ చూశారు, మెచ్చుకున్నారు, వెళ్ళిపోయారు.

నూరుజ్ ముందురోజు సైరాకన్ మళ్ళీ వచ్చింది. వెంట ఊరి ఆడవాళ్ళు, వాళ్ళని వ్యానులో తెచ్చిన ఆవిడ మరిది కొడుకు ఉలాన్. అతని చేతిలో ఒక డిస్కు మెరుస్తోంది.

"వీళ్ళకి డబ్బు పొయ్యడం ఎందుకు పెద్దమ్మా? అచ్చం ఇదే. బజార్లో కాపీ చేయించా. రేపటికల్లా మన వాళ్ళందరి ఇళ్ళల్లో ఉంటుంది."

ఎమిల్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"వీళ్ళని అడిగావా?" అంది సైరాకన్.

"అడిగేదేముంది? ఎత్తుకొచ్చేయడమే," అని నవ్వాడు ఉలాన్. వెంట వచ్చిన ఆడవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు.

"నన్నూ పెళ్ళికి అలాగే ఎత్తుకొచ్చార్రా," అంది సైరాకన్. "పాలకేంద్రం నుంచి ఇంటికి పోతుంటే కారులోకి లాగేశారు. మీ పెదనాన్న మంచివాడే, కాదనను. కానీ మా వాళ్ళని ఎవరూ అడగలేదు. మా అమ్మ ఆ ఏడాదంతా గుమ్మంలో కూర్చుని దారి చూసిందట."

ఉలాన్ తల దించుకున్నాడు. ఆవిడ ఆ డిస్కు తీసి అతని జేబులోనే పెట్టేసి, ఎమిల్ వైపు తిరిగింది.

"దీన్ని తయారుచేసింది ఎవరు?"

"మీరిమ్ అని, పైన పనిచేస్తుంది, ఆపా."

"పిలువు. అడిగి తీసుకెళ్తాం."

మీరిమ్ మెట్లు దిగి వచ్చి, ఇంతమందిని చూసి తడబడి నిలబడింది. ఆడవాళ్ళు తలా కొంత వేసి కూడబెట్టిన డబ్బు మూట కౌంటరు మీద పెట్టారు. సైరాకన్ ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది.

"నీ పిల్లని మా ఇంటికి పంపుతావా అమ్మా? బాగా చూసుకుంటాం."

మీరిమ్ రాసినవి ఇదివరకు కంప్యూటర్లతో పాటే బయటికి వెళ్ళి, నగరమంతా కాపీలై తిరుగుతున్నాయి. ఇన్నేళ్ళలో ఆమెని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. ఆమె నుర్జాత్ వైపు చూసింది.

"పంపుతానని చెప్పవే," అంది నుర్జాత్, కళ్ళు తుడుచుకుంటూ.