బెల్టు బాగుంది!

తెత్సుజికి బావ మీద కోపం పోయి పద్నాలుగు రోజులైంది. ఆ సంగతి బయటికి పొక్కకుండా నానా తంటాలూ పడుతున్నాడు.

అసలు కోపం ఎందుకొచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, జపాన్‌లోని ఇమాబరిలో వాళ్ళు పనిచేసే షిప్‌యార్డు మొత్తం నవ్వింది. నాలుగు నెలల కిందట తెత్సుజీ, అతని చెల్లెలి మొగుడు ఇసామూ ఒకే పడవలో చేపలకు వెళ్ళారు. మోచేయంత తాయ్ చేప పడింది. పైకి లాగి చూస్తే దాని నోట్లో రెండు గాలాలు! "ముందు మింగింది నాది" అని ఒకడు, "నీ గాలానికి ఎర ఉంటే కదా" అని ఇంకొకడు. చెల్లెలు చిజురు ఆ చేపను అన్నంలో వేసి వండిపెట్టింది. ఇద్దరూ ఎముక కూడా మిగల్చకుండా తిన్నారు, ఒకరితో ఒకరు మాట మాత్రం మాట్లాడుకోలేదు. ఒకడికి అరవై, ఇంకొకడికి యాభై ఎనిమిది. చిన్నపిల్లలు నయం.

చిక్కేమిటంటే పన్నెండేళ్ళుగా వాళ్ళిద్దరూ పనిలో జంట. పరంజా ఎక్కి ఓడలకు రంగులు వేస్తారు. పొద్దున్నే కసరత్తు అయ్యాక నలభైమందీ జంటలుగా ఎదురెదురు నిలబడి, ఒకరి ఒంటిమీది సరంజామా ఇంకొకరు తల నుంచి కాళ్ళ దాకా చూసి, వేలు పెట్టి చూపిస్తూ అరవాలి. మాటల్లేని ఈ బావలూ అరవాల్సిందే.

"హెల్మెట్ బాగుంది!" అంటాడు ఇసాము, కళ్ళు క్రేను మీద పెట్టి.

"గడ్డం పట్టీ బాగుంది!" అంటాడు తెత్సుజి, ఆకాశంలో మబ్బులు చూస్తూ.

బెల్టు దగ్గరికి వచ్చేసరికి కాలే పెనాన్ని ముట్టుకున్నట్టు ఇలా తాకి అలా చెయ్యి తీసేస్తాడు ఇసాము. తెత్సుజికి కావలసింది సరిగ్గా అదే.

ఎందుకంటే, పద్నాలుగు రోజుల కిందట పరంజా ఏడో అంతస్తు మీద రంగు వేస్తూ ఉండగా అతనికి కళ్ళు తిరిగాయి. కాలు జారింది. కొక్కెం కమ్మీకి తగిలించి ఉంది కాబట్టి బెల్టు పట్టుకుంది, ఉట్టిలా వేలాడాడు. లేకపోతే ఇప్పుడు చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు. ఇసాము ఓడ అవతలి వైపున ఉన్నాడు, చూసినవాళ్ళు లేరు. అలా వేలాడుతుండగానే బావ మీద కోపం కాస్తా ఎగిరిపోయింది. ఎలాగో పాకి పైకెక్కి, నీళ్ళు తాగి, మళ్ళీ బ్రష్షు పట్టుకున్నాడు మహానుభావుడు!

బెల్టు తాడుకు మొదట్లో అరచేతంత గుడ్డ పొట్లం ఒకటి కుట్టి ఉంటుంది. మనిషి జారితే అది చిరిగి, లోపల మడిచిపెట్టిన పట్టీ సాగి, ఆ కుదుపు నడుము విరగ్గొట్టకుండా కాపాడుతుంది. పనిచేసేది ఒక్కసారే. ఒకసారి మనిషిని ఆపిన బెల్టును ఆ రోజే ఇచ్చేసి కొత్తది తీసుకోవాలి, అది రూలు. కొత్తది అడిగితే ఎందుకని అడుగుతారు. చెబితే డాక్టరు దగ్గరికి పంపుతారు. కళ్ళు తిరిగే మనిషిని ఇక పరంజా ఎక్కనివ్వరు.

త్వరలో ఓడ ముక్కు మీద పేరు రాయాలి. ఆ పని అందరిలోకీ పెద్దవాడిది. ముప్పై ఎనిమిదేళ్ళుగా వరసలో నిలబడితే ఇప్పుడు తెత్సుజి వంతు వచ్చింది, పైగా ఇదే అతని ఆఖరి ఓడ. అందుకని చిరిగిన పొట్లాన్ని నల్లటి టేపుతో చుట్టేసి నోరు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఇసాముకు పశ్చాత్తాపం పుట్టాలా! నారింజలు సంచినిండా తెచ్చి గుమ్మంలో పెట్టాడు. రాజీ కుదిరితే మునుపటిలా ప్రతి పట్టీ పట్టి లాగి మరీ చూస్తాడు ఈ మనిషి. తెత్సుజి నారింజలన్నీ తినేసి, ఖాళీ సంచి వెనక్కి పంపాడు, "పుల్లగా ఏడిచాయి" అని కబురు చేశాడు. ఇసాము నడుము వంచి దండం పెట్టబోతే "నడుం నొప్పా?" అని వెటకారం చేశాడు. అలా అన్నాక ఆ రాత్రి తనకే అన్నం సహించలేదు. బావంటే అతనికి ప్రాణం.

చిజురు ఊరుకుంటుందా? "మా అన్నయ్యని మంచి చేసుకునేదాకా నీకు సూపు నేను కాచను, నువ్వే కాచుకో" అంది మొగుడితో. మూడు రోజులు తన సూపు తానే తాగాక ఇసాము తెగించాడు. నాలుగో రోజు పొద్దున్న నలభైమంది ముందూ నడుము వంచి దండం పెట్టాడు.

"బావా, ఆ చేప నీదే. నా గాలం ఉత్తినే తగులుకుంది. నన్ను క్షమించు."

అందరూ చప్పట్లు కొట్టారు. తెత్సుజి దగ్గర ఒక్క తిట్టు మిగల్లేదు.

"హమ్మయ్య! ఇవాళైనా క్రేను వంక కాకుండా మనిషి వంక చూసి చెప్పండయ్యా" అన్నాడు ఫోర్‌మన్ నొనాకా.

"హెల్మెట్ బాగుంది!" ఇసాము గొంతులో పండగ. "గడ్డం పట్టీ బాగుంది! బూట్లు బాగున్నాయి!" భుజం పట్టీ లాగాడు. ఛాతీ కట్టు లాగాడు. చెయ్యి వెనక్కి పోయింది. టేపు తగిలి ఆగింది.

"ఇదేంటి బావా?"

"ఏం లేదు. పాతదై అరిగింది."

"పొట్లం చిరిగింది. ఎప్పుడు పడ్డావ్?"

"మెల్లగా మాట్లాడు, నీకు పుణ్యముంటుంది. పది రోజులు, పదంటే పదే. పేరు రాసేసి దిగిపోతాను." తెత్సుజి అతని చెయ్యి పట్టుకున్నాడు. "చేప నీది బావా! నీ గాలమే ముందు పడింది, నేను చూశాను. ఇప్పుడే అందరి ముందూ చెప్పేస్తా. బాగుందని ఒక్క మాట అను, చాలు."

నాలుగు నెలలుగా ఆ మాట కోసం నిద్రలో కూడా పోట్లాడిన మనిషి ఇసాము. బావ మొహంలోకి చూశాడు. పాలిపోయి ఉంది. రోజూ ఎదురుగా నిలబడి, ఈ మొహాన్ని నాలుగు నెలలుగా చూడనే లేదు తను.

వేలు చాపాడు.

"బెల్టు బాగాలేదు!" యార్డంతా వినబడేలా అరిచాడు. "మనిషీ బాగాలేడు!"

తెత్సుజికి కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి.

"ముప్పై ఎనిమిదేళ్ళురా! నేను రాసిన పేరు నీళ్ళ మీద తిరిగేది. నీ చేత్తో పోగొట్టావు కదరా!"

"ఓడకి పేరు ఎవడైనా రాస్తాడు" అన్నాడు ఇసాము. "నీ పేరు సమాధి రాతి మీద చెక్కించే పని నాకు పెట్టకు. నీ చెల్లెలికి నేనేం చెప్పాలి?"

"నీతో ఈ జన్మలో మాట్లాడను."

"మాట్లాడకు. ముందు విప్పు."

ఇసాము బెల్టు కట్టు పట్టుకున్నాడు. ఎంత లాగినా అది ఊడి రాలేదు. తెత్సుజే బెల్టు విప్పి అతని చేతిలో పెట్టాడు.