అన్ని సిమ్ములూ పట్టే ఫోన్

అక్క సర్దిన సంచిని మళ్లీ మంచం మీద బోర్లించింది. కత్తెర అడుగున పెట్టాలో పైన పెట్టాలో తేలక కాదు. జిప్పు వేసేస్తే చెల్లెలు వెళ్లిపోతుందని.

"ఆ బట్టలన్నీ నేను కట్టుకోవడానికేనా, సంతలో అమ్మడానికా?" అంది చెల్లెలు గుమ్మానికి ఆనుకుని.

"నోర్ముయ్యి. ఫోన్ ఏదీ?"

వాళ్లిద్దరికీ ఒకటే గది, ఒకటే కుట్టుమిషను. అక్క టేపు పట్టి కొలతలు చెబుతుంటే చెల్లెలు ఒక్కొక్కటీ తిరిగి పలికి రాసుకునేది. ఇప్పుడు చెల్లెలికి పరాయిదేశంలో ఒక పెద్ద హోటల్లో తెరలూ దుప్పట్లూ కుట్టే పని దొరికింది. రెండేళ్ల ఒప్పందం. వాళ్ల నాన్న కూడా ఇలాగే పనికని వెళ్లి, అయిపూ అజా లేకుండా పోయాడు. అందుకే అక్క దిగులంతా ఒక్కటే: చేరాక చెల్లెలి గొంతు వినబడాలి.

చెల్లెలు పట్టుకెళ్లే ఆ ఫోన్ అక్క పేరు మీద సిమ్ముతో కలిపి సిమ్ము కంపెనీవాళ్ల దగ్గర తీసుకున్నది. వేరే కంపెనీ సిమ్ము పట్టకుండా లాక్ చేసి ఉంటుందని ఎవరో అంటే, వీధి చివర రిపేరు షాపులో ఇచ్చి తీయించింది. తీశాడో లేదో నమ్మకం చాలక తన సిమ్ము అందులో వేసి చూసింది. పనిచేసింది. పక్కింటి వదినది అడిగి వేసింది. అదీ పనిచేసింది.

"చాలక్కా! వీధిలో వాళ్లందరి సిమ్ములూ పీక్కొస్తావా ఏంటి?"

అక్క అప్పటికి తృప్తిపడి జిప్పు లాగింది.

చెల్లెలు వెళ్లిన మర్నాడు ఫోన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అక్క మిషను మీద కూర్చుని, చేతికి వేయాల్సిన పట్టీ తీసుకెళ్లి మెడకు కుట్టింది. ఆ తర్వాత ఎవరిదో తెలియని నంబరు మోగింది.

"అక్కా, నేనే. ఇది మా గదిలో అమ్మాయి ఫోన్. నాది పనిచెయ్యట్లేదు. ఇక్కడి సిమ్ము వేస్తే లాక్ తీసే కోడ్ కొట్టమంటోంది."

"అదేంటే? మనం వేసి చూశాం కదా!"

"చూశాం. నీదీ, వదినదీ. ఆ రెండూ ఏ కంపెనీవి మహాతల్లీ?"

అక్క నాలిక్కరుచుకుంది. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటే ఖర్చుండదని వీధి వీధంతా ఒకే కంపెనీ సిమ్ములు తీసుకుంది. లాక్ ఉన్నా లేకపోయినా ఆ ఫోన్ ఆ సిమ్ములు పట్టేదే.

ఆ ఫోన్ వచ్చిన పెట్టెలో అక్క గుండీలు పోసి దాచుకుంటోంది. వాటిని మంచం మీద గుమ్మరించి, పెట్టె చంకన పెట్టుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. కౌంటర్లో అమ్మాయి పెట్టె మీది నంబరు చూసి కంప్యూటర్లో కొట్టింది.

"లాక్ తియ్యలేదండీ ఎవరూ. ఫోన్ మీ పేరు మీదుంది కాబట్టి కోడ్ మీకే ఇస్తాం. కానీ జాగ్రత్త. నాలుగైదుసార్లు తప్పు కొడితే ఇంక ఎప్పటికీ తెరుచుకోదు."

ఇంటికొచ్చాక అక్క, ఆఫీసులో రాసిచ్చిన కోడ్ ముందు పెట్టుకుని, ఆ గది అమ్మాయి నంబరుకు చేసి చెల్లెల్ని పిలిపించింది.

"అందులో ఏమైనా కొట్టావా నువ్వు?"

"నా పుట్టినరోజు కొట్టా. తర్వాత నీది."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇంక వేలు పెట్టకు. నేను చెప్పింది తిరిగి చెప్పు, అప్పుడు కొట్టు."

మాట తెగుతూ తెగుతూ వస్తోంది. అక్క గొంతు సవరించుకుని, కొలతలు చెప్పినట్టే రెండేసి అంకెలు అందుకుంది.

"ముప్పై ఆరు."

"ముప్పై ఆరు."

"ఇరవై ఎనిమిది."

"ఇరవై ఎనిమిది."

"యాభై రెండు."

"యాభై రెండు... అక్కా, ఈవిడకి గౌను కుట్టడం మనవల్ల కాదు."

"నవ్వకు, వేలు జారుతుంది. పద్నాలుగు."

"పద్నాలుగు."

లైను తెగింది. అక్క ఫోన్ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అది మళ్లీ మోగింది. కొత్త నంబరు.

"నా ఫోన్ నుంచేనక్కా! ఇంక ఏ సిమ్మైనా పట్టేస్తుంది. ఏ దేశం వెళ్లినా బెంగ లేదు."

"ఏ దేశమూ వెళ్లక్కర్లేదు. పని అవ్వగానే ఇంటికి రా."

ఒప్పందం ముగిసే చలికాలం వచ్చింది. అక్క చెల్లెలి పక్క మీద కొత్త దుప్పటి పరిచి ఎదురుచూస్తుంటే, మరో కొత్త నంబరు మోగింది. హోటల్ వాళ్లు ఇంకో దేశంలో పని ఇచ్చారట. దిగగానే అక్కడి సిమ్ము వేసిందట, ఏ కోడూ అడగలేదట.

"మంచిదే," అంది అక్క.

ఆ తర్వాత నంబర్లు మారుతూ వచ్చాయి. గొంతు మాత్రం వినబడుతూనే ఉంది. చెల్లెలు ఆ చలికాలం రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.